ముందు మెయిన్, తర్వాత మనిషి

షబే బరాత్ వెళ్లిన మర్నాడే అమ్మీ ఫోన్ చేసింది. "రంజాన్ పదిహేను రోజుల్లో పడింది రా. గోడలు చూస్తే మిర్చి మిల్లు గోడల్లా ఉన్నాయి. చూనా ఎప్పుడు వేయిస్తావ్?"

మా ఊరు పర్చూరు పక్కన. పాత ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఎటు చూసినా నల్లరేగడి, పత్తి, మిర్చి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా, ఈ మధ్య కొన్నేళ్లుగా సరిగ్గా మిర్చి కోతల మీదికొచ్చి పడుతోంది. కళ్లాల్లో ఆరబోసిన కాయ, గుంటూరు యార్డుకు టిక్కీలు మోసుకెళ్లే ట్రాక్టర్లు, వాటి వెనక లేచే దుమ్ము. ఆ ఎర్రదుమ్మూ నల్లదుమ్మూ కలిసి మా ఇంటి దీవార్ల మీద పేరుకుంటాయి. వానాకాలంలో పట్టిన పాచి దానికి తోడు.

అబ్బా ఉన్నన్నాళ్లూ ఈ ఫికర్ నాకు లేదు. షబే బరాత్ కాగానే గుల్లసున్నం తెచ్చి, కుండలో నీళ్లు పోసి, ఆ నీళ్లలో సున్నం కొంచెం కొంచెం వేసేవారు. సున్నం మీద నీళ్లు పోయనిచ్చేవారు కాదు. అది కుతకుతా ఉడికి ఎగిరి కంట్లో పడితే చూపు పోతుందని మమ్మల్ని గడప దాటనిచ్చేవారు కాదు. మర్నాడు కాస్త నీలం కలిపి, ఈతమట్ట నలగ్గొట్టి చేసిన కుంచెతో గోడలన్నీ తనే వేసేవారు. అబ్బా మర్హూమ్ అయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ గోడల్ని ముట్టుకున్నవాళ్లు లేరు.

నేను పత్రికలో పనిచేసేవాణ్ని. కుంచె పట్టే తీరిక లేదు, కూలికి మనిషి దొరకడు. కోతల టైములో ఎవరు వస్తారు? అందుకని ఆన్‌లైన్‌లో ప్రెషర్ వాషర్ కొన్నాను. బైకు సర్వీసింగ్ షాపుల్లో బండ్లు కడిగేదానికి తమ్ముడి లాంటిది. ఒక ఆదివారం పొద్దున, ఫజర్ నమాజ్ అయ్యాక బండి మీద కట్టుకుని ఊరికి తీసుకెళ్లాను.

పక్కింటి బాబాయి చూసి నవ్వాడు. "దీనికి డబ్బు తగలేశావా? మా మందు కొట్టే ఇంజను తీసుకుపో. డ్రమ్ము, పైపు అన్నీ ఉన్నాయి, గంటలో కడిగేయొచ్చు." ఆయన మంచి మనసుతోనే అన్నాడు. మా వైపు చాలామంది చేసేదీ అదే. నేనూ సరే అనబోయాను. అమ్మీ వెళ్లి ఆ రెండొందల లీటర్ల డ్రమ్ములో తల పెట్టి వాసన చూసి వచ్చింది. "నక్కో బేటా. మొన్న పురుగుమందు కొట్టిన డ్రమ్ము. ఈ నీళ్లతో గోడ కడిగి, ఆ గోడకానుకునే ఇఫ్తార్ చేయాలా?"

అమ్మీ ముప్పయ్యేళ్లు మిర్చి తొడిమలు తీసింది. రాత్రిళ్లు చేతులు మండి నిద్రపట్టక నీళ్ల బిందెను కావలించుకుని కూర్చోవడం నేను చూశాను. మందు వాసన ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. మందు డబ్బా మీద తళతళలాడే చతురస్రంలో ఎర్ర త్రికోణం ఉంటే అది అన్నిటికంటే ఎక్కువ విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డ్రమ్ములో నీళ్లు పోశాక ఆ త్రికోణం కనపడదు. పైపులో, గన్‌లో అడుగున మిగిలిన మందు గోడకు తగిలి తుంపరై మన ముక్కులోకే వస్తుంది. మందు కొట్టిన ఇంజనుతో ఇల్లు కడగకండి. మూడుసార్లు తొలిచామన్నా వద్దు.

సరే, నా మెషీన్ తీశాను. దాంతోపాటు చిన్న పుస్తకం వచ్చింది, ఇంగ్లిషులో, హిందీలో. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, రెండు భాషల్లో సంపాదకీయాలు చదవగలను గానీ ఆ పుస్తకం తిప్పే ఓపిక లేకపోయింది. పక్కన పడేశాను. తమ్ముడి కొడుకు, పంతొమ్మిదేళ్ల వాడు, అప్పటికే లుంగీ ఎగ్గట్టి వట్టి కాళ్లతో రెడీ. "బడే అబ్బా, నేను కొడతా, మీరు చూస్తూ ఉండండి."

మా ఇల్లు మూడు వయసుల ఇల్లు. ముందు గది దాదా కట్టింది. ఇటుక, మట్టి అడుసు, పైన సున్నపు పూత. వెనక హాలు అబ్బా కట్టింది, సిమెంటు. వరండా మీద సిమెంటు రేకులు. మూడిటికీ ఒకే దవా పనికిరాదని ఆ పొద్దున మాకు తెలియదు.

మొదట దాదా గోడ. ఈ మెషీన్‌లో నీళ్లు దాదాపు 100 బార్ ఒత్తిడితో వస్తాయి. మన బండి టైరులో గాలి 30 పీఎస్‌ఐ అటూఇటూ అనుకుంటే, ఇది 1450 పీఎస్‌ఐ. సుమారు యాభై రెట్లు. వాడు నాజిల్‌ను సన్నధారకు తిప్పి జానెడు దూరం నుంచి కొట్టాడు. తలుపు పక్కన పళ్లెమంత పెళ్ల ఊడి కిందపడింది. వెనక మట్టి కనిపించింది, ఆ మట్టి కూడా నీళ్లతో కారిపోసాగింది.

అమ్మీ ఏమీ అనలేదు. పెళ్ల తీసి కొంగుతో తుడిచింది. అంచున పరాటా పొరల్లా పొరలు కనిపించాయి. తెలుపు, లేత నీలం, మళ్లీ తెలుపు, ఒకచోట ఆకుపచ్చ. ఒక్కో పొర ఒక్కో రంజాన్. "ఈ హరా రంగు నువ్వు పుట్టిన సంవత్సరం" అంది. అన్ని రంజాన్‌లు ఒక్క సెకనులో ఊడగొట్టాం.

దాంతోనైనా ఆగాల్సింది. ఆగలేదు. సరే, సిమెంటు హాలు వైపు పోదామని వాడు ఎక్స్‌టెన్షన్ బోర్డు జరపబోయాడు. పాత వైరు, మధ్యలో అతుకు, అతుకు మీద నల్ల టేపు. ఆ అతుకు మడుగులో ఉంది. మడుగులో వట్టి కాళ్లతో వాడు.

అరవలేదు. అరుస్తారనుకుంటాం, అరవరు. వాడి నోట్లోంచి ఒక వింత శబ్దం వచ్చింది, చెయ్యి బిగుసుకుపోయింది. నేను తడి చేతులతో వాడి మీదికి ఉరికాను. నాలుగడుగులు. నేను చేరేలోపు వాడు కూలబడ్డాడు, మెషీన్ ఆగిపోయింది. వరండాలో అమ్మీ మెయిన్ కిందికి లాగేసి, ఆ పిడి వదలకుండా నిలబడి ఉంది. వణుకుతోంది.

"ముందు మెయిన్, తర్వాత మనిషి" అంది. అది అబ్బా మాట. మోటారు వేసేటప్పుడల్లా అనేవారు. నేనూ వందసార్లు విన్నాను. ఆ నాలుగడుగుల్లో ఒక్కసారీ గుర్తు రాలేదు.

అల్హందులిల్లా, పిల్లవాడు బతికాడు. అరచేతిలో కాలిన మచ్చ. చీరాల తీసుకెళితే డాక్టరుగారు గుండె పరీక్ష చేసి, ఒక రాత్రి ఉంచుకుని పంపారు. షాక్ తగిలి లేచి కూర్చున్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకండి, గుండె లయ తర్వాత కూడా తప్పవచ్చు.

ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద నా పని గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లలో "విద్యుదాఘాతంతో యువకుడి మృతి" అనే హెడ్డింగు నా చేత్తో ఎన్నిసార్లు పెట్టానో. కూలర్, మోటారు, బట్టలారేసే తీగ. సింగిల్ కాలమ్, ఐదు లైన్లు. ప్రతిదాంట్లో "ప్రమాదవశాత్తూ" అనే మాట. కాపాడబోయిన తండ్రో అన్నో కూడా పోతే డబుల్ కాలమ్. మరునాడు మా ఇంటి వార్త డబుల్ కాలమ్ అయ్యేది.

చూడ్డానికొచ్చిన ఖాలాలు, మామూలు అందరూ "తఖ్దీర్, అల్లా బచాయా" అన్నారు. నిజమే, అల్లాయే కాపాడాడు. కానీ ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యి అని మనకు చిన్నప్పుడు మక్తబ్‌లోనే చెప్పారు. స్కూల్లో ఉర్దూ ఉస్తాద్ బోర్డు మీద రాసిన మాట ఎహ్‌తియాత్. నేను ఒంటెను కట్టలేదు. ఆ పుస్తకం కూడా తెరవలేదు. ఇంటికొచ్చాక తెరిచాను, తెలిసిన ఎలక్ట్రీషియన్‌నీ మిస్త్రీనీ కూర్చోబెట్టి అడిగాను. మీ ఇళ్లలోనూ రంజాన్ సఫాయి ఉంటుంది కాబట్టి తెలుసుకున్నది రాస్తున్నా.

మొదటిది కరెంటు. మనం ఫ్యూజు ఉందిగా అనుకుంటాం. ఫ్యూజు వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. అది ఐదు, పది ఆంపియర్లు దాటితేగానీ పోదు. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు. ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉంటుంది, 30 మిల్లీఆంపియర్లది. కరెంటు మనిషి గుండా భూమిలోకి పోతోందని తెలియగానే, కన్ను మూసి తెరిచేలోపు ఆపేస్తుంది. మా ఇంట్లో పెట్టించడానికి మెషీన్ ఖరీదులో మూడో వంతు కూడా కాలేదు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి పడుతోందో లేదో చూడాలి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. అతుకుల వైరు వద్దు. ప్లగ్గు కలిసేచోటు నేల మీద కాక ఎత్తున, పొడిగా ఉండాలి. మీటరు, స్విచ్చులు, ఇంటికొచ్చే సర్వీసు వైరు వైపు నీళ్లు కొట్టకూడదు. ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకండి. ముందు మెయిన్. ఆ తర్వాత 108.

రెండోది నీటిధార. అది నీళ్లే కదా అనిపిస్తుంది. కాళ్లకంటిన రేగడి పోగొట్టుకుందామని మావాడు గన్‌ను పాదాల వైపు తిప్పాడు కూడా, అప్పుడు నేను నవ్వాను. దగ్గర్నుంచి తగిలితే ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి దూరుతుంది. బయట సూది గాయంలా కనిపిస్తుంది, లోపల కండ పాడైపోతుంది. అలా జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ నీళ్లు కొట్టుకున్నాయని డాక్టరుకు చెప్పాలి. కాళ్లకు బూట్లు, కళ్లకు అద్దాలు ఉండాలి. పిల్లలు, మేకలు, కోళ్లు దూరంగా. నిచ్చెనెక్కి కొట్టకూడదు. గన్ వెనక్కి తంతుంది, నిచ్చెనతో సహా పడతాం. పైభాగానికి పొడుగు గొట్టం తగిలించుకుని నేల మీద నిలబడి కొట్టాలి. పని అయ్యాక ప్లగ్గు తీసి, కొళాయి కట్టేసి, గన్ ఒకసారి నొక్కి లోపలి ఒత్తిడి వదిలేయాలి.

మూడోది గోడ. గట్టి సిమెంటు గోడకే ఈ మెషీన్. ధారను విసనకర్రలా వెడల్పుగా పెట్టుకుని, మూడు నాలుగు అడుగుల దూరంలో మొదలుపెట్టాలి. ఓ మూల చూసుకుని, పూత నిలబడితేనే కాస్త దగ్గరికి వెళ్లాలి. పైనుంచి కిందికి కడగాలి. కిటికీ సందుల్లోకి, రేగడి నేల కదిలి గోడకు పడ్డ పగుళ్లలోకి కొట్టకూడదు. మట్టి అడుసు గోడ, సున్నపు గోడ అయితే మెషీన్ ముట్టుకోవద్దు. మెత్తటి బ్రష్షు, బకెట్టు నీళ్లు చాలు. కడిగాక సున్నం వేసేట్టయితే గోడ కొంచెం చెమ్మగా ఉంటేనే పట్టు. పెయింటు అయితే పూర్తిగా ఆరాలి. పాత పెయింటు ఊడుతుంటే పెచ్చులు పట్టా మీద పట్టి ఎత్తేయండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందటి రంగు పెచ్చులు పాకే పిల్లల నోట్లోకి వెళ్తే మెదడుకు చేటు.

నాలుగోది రేకులు. మన ఊళ్లలో పాత సిమెంటు రేకులంటే ఎక్కువగా ఆస్‌బెస్టాస్ రేకులే. ప్రెషర్ నీళ్లతో కొడితే కంటికి కనపడని నారలు లేచి ఊపిరితిత్తుల్లో చేరతాయి, అవి ఏళ్ల తర్వాత క్యాన్సర్ తేగలవు. ఆస్ట్రేలియాలో ఇలాంటి రేకుల మీద హైప్రెషర్ నీళ్లు వాడడం నిషేధం. పాచి ఉంటే ఉండనివ్వండి. గీకొద్దు, ఎక్కొద్దు.

ఐదోది పడోసీ హఖ్. మా గోడకు పది గజాల్లో బాబాయి కళ్లం, అందులో ఆయన ఏడాది కష్టం. ఆరుతున్న కాయకు తడి తగిలితే బూజు పడుతుంది, తాలు అవుతుంది, రేటు సగానికి పడుతుంది. ముందు రోజే చెప్పి, పట్టా కప్పించి, గాలి లేని పొద్దుటి పూట చేసుకోవాలి. నీళ్ల సంగతి కూడా. ఈ మెషీన్ నిమిషానికి ఆరేడు లీటర్లు తాగుతుంది. మామూలు పైపు కంటే తక్కువే, కానీ గంట ఆడితే నాలుగొందల లీటర్లు. మా చెరువు సాగర్ కుడి కాలువ నీళ్లొస్తేనే నిండుతుంది. రసూలుల్లా ఒక ముద్ నీళ్లతో, అంటే సుమారు ముప్పావు లీటరుతో, వజూ చేసేవారని చదువుకున్నాం. పారే నది ఒడ్డున కూడా ఇస్రాఫ్ వద్దన్నారు. రంజాన్ కోసం చేసే సఫాయిలో అది మర్చిపోతే ఎలా?

తర్వాతి ఆదివారం సిమెంటు హాలు మెషీన్‌తో కడిగాం, అరగంట పని. దాదా గోడను నేనూ తమ్ముడూ బ్రష్షులతో కడిగి చూనా వేశాం. రేకుల జోలికి పోలేదు. ఊడిన చోట మిస్త్రీ సున్నం, ఇసుక కలిపి పూశాడు. అతుకు తెలుస్తూనే ఉంది. ఆ పెళ్లను అమ్మీ పారేయనివ్వలేదు. అబ్బా టోపీలున్న బీరువా అరలో పెట్టింది.

భతీజా అరచేతిలో మచ్చ ఇంకా ఉంది. మొదటి సహరీ రోజున లేచి, లైటు వేసే ముందు, ఆర్‌సీసీబీ బటన్ నొక్కి చూశాడు. ఇల్లంతా చీకటైంది. వంటింట్లోంచి అమ్మీ తిట్టింది, ఆ తర్వాత నవ్వింది.