దోహా నుంచి మళ్ళీ ఎక్కడికమ్మా?

మా అల్ మన్సూరాలోనే మెట్రో గ్రీన్ లైన్ మొదలవుతుంది. ఎక్కి కూర్చుంటే ఎక్కడా మారే పని లేకుండా ఎడ్యుకేషన్ సిటీలో దిగొచ్చు, టికెట్ 2 రియాళ్ళు. 2019 డిసెంబరులో ఈ లైను వచ్చాక ఆ కాలేజీలు మా వీధి పిల్లలకి పక్కూరి బడుల్లా అయిపోయాయి. కార్నెగీ మెలన్ 2004లో, జార్జ్‌టౌన్ 2005లో ఇక్కడ శాఖలు తెరిచాయి. చేతికి అమెరికా డిగ్రీ, రాత్రికి ఇంట్లో అన్నం. తల్లులకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

అందుకే మా పై ఫ్లోర్ అక్క వాళ్ళమ్మాయి ఒక సెమిస్టర్ పిట్స్‌బర్గ్ వెళ్తానంటే ఆ ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. "అదే కాలేజీ, అదే డిగ్రీ. మళ్ళీ అక్కడికెందుకు?" అని అక్క. నేను బీఎస్సీ చదివాను కాబట్టి నా మాటకి విలువుంటుందని పిల్ల నా దగ్గరికొచ్చింది.

నేనూ అదే అడిగాను. ఇక్కడ నాలుగైదు సబ్జెక్టుల్లోనే డిగ్రీలున్నాయట, పిట్స్‌బర్గ్‌లో అయితే రోబోటిక్స్‌కే 1979 నుంచి ఒక సంస్థ ఉందట. రెజ్యూమెకి మంచిదట. అవన్నీ కాలేజీ కాగితాల్లో ఉండే కారణాలే. కాసేపాగి అసలు సంగతి చెప్పింది.

"ఆంటీ, నేను ఫారిన్‌లో పెరిగానని ఊళ్ళో అందరూ అంటారు. ఒక్క రాత్రి కూడా అమ్మానాన్న లేకుండా ఉండలేదు నేను. వీసా నాన్నది, బ్యాంకు నాన్న చూస్తారు, జ్వరమొస్తే డాక్టరుకి అమ్మ చెబుతుంది. నేను ఎలాంటిదాన్నో నాకే తెలీదు."

దాన్ని ఏమనాలో నాకు తోచలేదు. కెమిస్ట్రీ ల్యాబులో ఒకే ఉప్పు నీళ్ళలో ఒకలా, ఆల్కహాల్‌లో ఇంకోలా ఉండేది. ఉప్పు మారదు, దాని గుణమే మనకి కొత్తగా తెలుస్తుంది.

మన ఇళ్ళలో విదేశీ చదువంటే ఎమ్మెస్, లోను, హెచ్1బీ. వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారన్న లెక్కే ఉండదు. అక్క భయం కూడా అదే. ఎక్స్‌ఛేంజ్‌కి మాత్రం తిరుగు టికెట్ తేదీ ముందే ఉంటుంది. అక్కడి మార్కులు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి. ఈ చిన్న సంగతి వెనక ఒక ఇటలీ అమ్మాయి పట్టుదల ఉంది. సోఫియా కొరాడీ ఫుల్‌బ్రైట్ మీద న్యూయార్క్‌లో కొలంబియాలో చదివి 1958లో రోముకి తిరిగొస్తే, ఆ చదువు ఇక్కడ చెల్లదు పొమ్మన్నారు. ఆవిడ అక్కడితో వదల్లేదు, ఏళ్ళ తరబడి అధికారుల వెంటపడింది. 1987లో యూరప్‌లో ఎరాస్మస్ పథకం వచ్చింది. ఆవిడకి మమ్మా ఎరాస్మస్ అని పేరు.

ఇదంతా అక్కకి చెప్పాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి కూడా 1998 నుంచి అమెరికా పిల్లలు స్టడీ ఇన్ ఇండియా అని ఒక సెమిస్టర్‌కి వస్తున్నారని, వాళ్ళ అమ్మలూ ఇలాగే బెంగపడి ఉంటారని అన్నాను. నవ్వలేదు.

ఆవిడ అడిగినవి వేరే. ఖతార్ బయట ఆర్నెల్లు దాటితే రెసిడెన్స్ పర్మిట్ చిక్కుల్లో పడుతుంది కదా, ఎలా? జనవరిలో వెళ్ళి మేలో వచ్చేస్తుంది, ఆర్నెల్లు కావు. హాస్టలు, విమానం, ఇన్సూరెన్సు ఖర్చు? అది నిజంగానే బరువు. ఆయన ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలియని ఊళ్ళో ఆ డబ్బు చిన్నది కాదు. పిల్ల క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ పనిచేసి దాచుకున్నది చూపించింది. విమానం టికెట్‌కి సరిపోతుంది, అంతే.

ఫారం మీద వాళ్ళ నాన్న సంతకం అయింది. అక్క ఇంకా సరే అనలేదు. నిన్న మెట్ల దగ్గర ఎదురై, పిట్స్‌బర్గ్‌లో జనవరిలో చలి ఎంతుంటుందని అడిగింది. సున్నా కిందకి పోతుందని చెప్పాను.

"అయితే ఇక్కడి స్వెట్టర్లు పనికిరావు," అంది.