లోడు పెట్టి చూశావా?

మా మావయ్య గుడివాడలో ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు బాగుచేశాడు. శ్రీరామనవమికి పందిళ్లలో మైకు సెట్లు కూడా కట్టేవాడు. హరికథ మొదలవగానే యాంప్లిఫయరు పక్కన తన టూ-ఇన్-వన్ పెట్టుకుని రికార్డు మీట నొక్కేవాడు. అలా పోగైనవి నలభై మూడు క్యాసెట్లు. హరికథలు, పద్యనాటకాలు, ఒకటి రెండు బుర్రకథలు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల గొంతు మిగిలింది ఆ టేపుల మీదే.

వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పని నేను తీసుకున్నాను. కుదించకుండా ఎక్కిస్తే గంట క్యాసెట్టు దాదాపు 600 ఎంబీ అవుతుంది. హైదరాబాదులో మా హాలు అలమరలో ఒక రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు పెట్టి, దానికి ల్యాప్‌టాపుల్లో వాడే సైజు హార్డ్‌డిస్కు తగిలించాను. అరచేతిలో పట్టే ఆ బోర్డే మా ఇంటి సర్వరు. హరికథలు అందులోనే, ఇంట్లో వాళ్ల ఫోన్లలోని ఫొటోలూ అందులోనే. గుడివాడలో కూర్చుని మావయ్య తన ఫోనులో రోజుకో కథ వినేవాడు.

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత సాయంత్రాలు డిస్కు మాయమవడం మొదలైంది. బోర్డు బతికే ఉండేది, దీపం వెలుగుతూ ఉండేది, డిస్కు మాత్రం కనపడేది కాదు. ప్లగ్గు తీసి పెడితే వచ్చేది. పొద్దున ఎన్నిసార్లు పరీక్షించినా ఏ లోపమూ లేదు. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య టక్కుమని ఒక చిన్న చప్పుడు, అంతే.

డిస్కు పోయిందనుకున్నాను. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్టు తీసి చూశాను. అందులో 5 నంబరు వరుస చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లను చెబుతుంది, 197 నంబరుది అనుమానంలో ఉన్నవాటిని చెబుతుంది. రెండూ సున్నా. అయినా నమ్మలేదు. మెమరీ కార్డు మార్చాను. సాఫ్టువేరంతా తుడిచి మళ్లీ ఎక్కించాను. డిస్కును ఇంకో పోర్టుకు మార్చాను. ఇవన్నీ ఒకే ఆదివారం చేశాను. మూడు రోజులు ఏ గొడవా లేదు. నాలుగో రోజు మళ్లీ టక్కుమంది. ఆ మూడు రోజులు ఎందుకు బాగుందో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మూడు మార్పులు ఒక్కసారే చేశాను కాబట్టి ఏది ఏం చేసిందో తెలిసే దారి నేనే మూసేసుకున్నాను.

మావయ్య ఫోను చేశాడు.

"ఏరా, నాలుగు రోజులుగా కథ రావట్లేదే?"

"డిస్కు పోతోంది మావయ్యా. పొద్దున బానే ఉంటుంది, సాయంత్రమే తంటా."

"సాయంత్రం అది ఏం పని చేస్తుంది?"

ఆ మాట నాకు తట్టనే లేదు. సాయంత్రం అందరూ ఇంటికొస్తారు. నాలుగు ఫోన్లు వైఫై అందగానే ఆ రోజు ఫొటోలన్నీ సర్వరులోకి పంపడం మొదలుపెడతాయి. పగలంతా పడుకున్న డిస్కు అప్పుడు లేచి గిర్రున తిరుగుతుంది.

"కరెంటు చూశావా?"

"చూశాను. ఛార్జరు దగ్గర 5.1 ఉంది."

"లోడు పెట్టి చూశావా?"

నేను చూసింది ఖాళీ ఛార్జరును. దాని సాకెట్లో మీటరు ప్రోబులు ఆనించి, అంకె బాగుందని తృప్తిపడి వదిలేశాను.

ఇన్వర్టరున్న ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలుసు. పాతబడ్డ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు పన్నెండు వోల్టులకు పైనే చూపిస్తుంది. కరెంటు పోయి రెండు ఫ్యాన్లు దాని మీద పడగానే పది నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. ఖాళీగా కొలిచిన అంకెలో అబద్ధం లేదు. మనకు కావలసిన ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే.

మావయ్య కొట్లో రేడియో విప్పి బల్ల మీద పెట్టాక దాన్ని మూగగా ఉంచేవాడు కాదు. పాడుతుండగానే వెతికేవాడు. పది నిమిషాలు పాడి గొంతు పోయే సెట్టు వస్తే, పది నిమిషాలు పాడనిచ్చి, గొంతు పోయిన క్షణంలో స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడితో ఒక్కో అతుకునూ మెల్లగా తట్టేవాడు. వేడికి విడిపోయే డ్రై సోల్డరు చల్లగా ఉన్నప్పుడు అతుక్కునే ఉంటుంది, ఎంత వెతికినా దొరకదు. కొత్తగా వచ్చిన సెట్టును నేరుగా కరెంటులో పెట్టేవాడు కాదు. బల్బును సిరీస్‌లో కట్టిన చెక్క బోర్డు ఒకటి ఉండేది, దాని గుండా పెట్టేవాడు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. లేకపోతే ఒకసారి మెరిసి మసకబారుతుంది. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్లినప్పుడు ఆ బల్బు మసకబారే క్షణం కోసం నేను ఊపిరి బిగబట్టి చూసేవాణ్ని. సెట్టు బతుకుతుందని ముందుగా చెప్పేది అదే.

ఆ రాత్రి ఏడింటికి అలమర తలుపు తీసి కూర్చున్నాను. బోర్డు మీద నలభై పిన్నుల వరుసలో రెండోది అయిదు వోల్టులు, ఆరోది గ్రౌండు. వాటి మీద మీటరు పెట్టాను. డిస్కు నిద్రలో ఉండగా 4.8. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది, తన ఫోను వైఫై పట్టింది, డిస్కు లేచింది. అంకె దిగుతూ దిగుతూ 4.5 దగ్గర ఆగింది. టక్కు.

4.63 కంటే దిగితే ఈ బోర్డు ఫిర్యాదు చేస్తుంది. తెర ఉంటే దాని మూల పసుపు మెరుపు గుర్తు కనిపిస్తుంది. సర్వరుకు తెర ఉండదు కదా. లాగ్ తిరగేస్తే అక్కడా రాసి ఉంది: అండర్ వోల్టేజ్ డిటెక్టెడ్. ఇన్నాళ్లూ నేను డిస్కు ఊడిపోయిందన్న వాక్యం నుంచి కిందికి చదువుతూ వచ్చాను. అసలు సంగతి దానికి రెండు వాక్యాల పైన ఉంది.

దోషం కేబులుది. ఫోను ఛార్జింగు కోసం కొన్న మీటరు పొడవు కేబులు. పైన దళసరి రబ్బరు, లోపల 28 గేజి తీగ. ఆ గేజి రాగి తీగకు మీటరుకు 0.21 ఓము నిరోధం. కరెంటు పోవడానికొకటి, తిరిగి రావడానికొకటి, కలిపితే 0.43. బోర్డూ డిస్కూ కలిసి దాదాపు ఒకటిన్నర ఆంపియర్లు లాగితే తీగలోనే 0.6 వోల్టుకు పైగా కరిగిపోతుంది. 5.1లోంచి అది తీసేస్తే మిగిలేది మీటరు చూపించిన అంకే. పదో తరగతిలో ఓమ్ సూత్రానికి ఎన్ని లెక్కలు చేశామో. అప్పుడు తీగకు నిరోధం లేదనుకోమని ప్రశ్నలోనే చెప్పేవారు. నాకు ఆ అలవాటు వదలలేదనుకుంటాను. డబ్బాలనే అనుమానించాను, వాటి మధ్య ఉన్న గీతను అనుమానించలేదు.

ఆ బోర్డు తయారుచేసేవాళ్లే అమ్మే ఛార్జరుకు 18 గేజి తీగ విడదీసే వీలు లేకుండా అతికే వస్తుంది. అది తెచ్చి పెట్టాను. డిస్కు తిరుగుతున్నప్పుడు 4.98. ఈసారి మరేదీ మార్చలేదు.

ఇదే పాఠం నేను అంతకు ముందే ఒకసారి నేర్చుకున్నాను, మేడ మీద ట్యాంకు దగ్గర. నీళ్లు తగ్గితే మోటారు వేసి, నిండితే ఆపే చిన్న కంట్రోలరు కట్టాను. కోఠీ గుజరాతీ గల్లీలో రిలే, బోర్డు, చిల్లర సామాను కొని, బల్ల మీద వందసార్లు ఆడించి చూశాను. ఒక్కసారీ తప్పలేదు. పంపు స్టార్టరుకు కలిపిన తర్వాత మోటారు ఆగిన ప్రతిసారీ బోర్డు రీసెట్టయి మళ్లీ మొదటికొచ్చేది. స్టార్టరులోని కాంటాక్టరుకు పెద్ద రాగి చుట్ట ఉంటుంది. దానికి కరెంటు తెంచగానే చుట్ట తనలో దాచుకున్న శక్తినంతా ఒక్క దెబ్బగా వదులుతుంది. బల్ల మీద ఆ చుట్ట లేదు, కాబట్టి ఆ దెబ్బా లేదు. రిలే చుట్టకైతే ఒక 1ఎన్4007 డయోడు అడ్డంగా వేస్తే సరిపోతుంది. ఏసీ మీద నడిచే కాంటాక్టరుకు డయోడు పనికిరాదు. 100 ఓముల రెసిస్టరూ, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరూ వరసగా కట్టి చుట్టకు అడ్డంగా వేశాను. కెపాసిటరు మెయిన్సుకు తట్టుకునే రకమే వాడాలి. మామూలుది వేస్తే ప్రమాదం. ఆ మాట కొట్టు పెద్దాయన అడక్కుండానే చెప్పి, మామూలుది నా చేతిలోంచి వెనక్కి తీసుకున్నాడు. అలాంటి కొట్లు ఉన్నంతకాలం నేను చిల్లర సామానుకు కోఠీయే వెళతాను.

ట్యాంకు దగ్గర తెలిసింది అలమర దగ్గర ఎందుకు గుర్తు రాలేదో చాలాసేపు ఆలోచించాను. అక్కడ మోటారు చప్పుడు చేస్తుంది, బరువు కళ్లకు కడుతుంది. ఇక్కడ నాలుగు ఫొటోలు గాలిలో ఎక్కడం. దానికి బరువుంటుందని మనసుకు తోచదు.

మర్నాడు రాత్రి మావయ్యకు ఫోను చేసి, కేబులు సంగతి చెప్పాను.

"ఎంత పడింది?"

"అర వోల్టు పైనే."

"తీగ సన్నం," అన్నాడు. "సరే, పదిహేడో క్యాసెట్టు పెట్టు. అందులో పందిట్లో కరెంటు పోతుంది చూడు. ఆయన ఆపలేదు, మైకు లేకుండానే పాడాడు. నా సెట్టు బ్యాటరీల మీద ఉంది కాబట్టి దొరికింది."

పెట్టాను. ముప్పై రెండో నిమిషంలో యాంప్లిఫయరు గుర్రు తెగిపోతుంది. జనం గోల. దాని వెనక, దూరంగా, చిడతలు. తర్వాత ఆ గొంతు.

పాత కేబులు పారేయలేదు. మంచం పక్కన చిన్న ఎల్ఈడీ దీపానికి వాడుతున్నాను. అది తాగేది 100 మిల్లీ ఆంపియర్లు. వెలుగుతుండగా మీటరు పెట్టి చూశాను, 5.06.