అమ్మమ్మ మాట, హీనీ మాట

ఐర్లండుకి వచ్చిన తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి షేమస్ హీనీ పేరు సాధారణంగా పిల్లల స్కూలు పుస్తకాలతోనే వస్తుంది. లూకన్‌లో మా ఇంటికీ అలాగే వచ్చింది. 1995లో నోబెల్ బహుమతి అందుకుని, 2013లో కన్నుమూసిన ఈ ఐరిష్ కవి మంచి అనువాదకుడు కూడా. పాత ఇంగ్లీషు వీరగాథ 'బేవుల్ఫ్'ను ఆయన నేటి ఇంగ్లీషులోకి తెచ్చారు. మూడు వేల పైచిలుకు పాదాల కావ్యం అది. దాని వ్రాతప్రతి సుమారు వెయ్యేళ్ళ నాటిది, అంటే మన నన్నయ గారి భారతం కన్నా కాస్త ముందుది. ఆ భాష ఇప్పటి ఇంగ్లీషు వాళ్ళకే అర్థం కాదు.

1999లో వచ్చిన ఆ అనువాదానికి హీనీ రాసిన ముందుమాట మా అమ్మాయికి చదివి వినిపించాను. ఆయన ఉత్తర ఐర్లండులో, కౌంటీ డెర్రీలో రైతు ఇంట పుట్టారు. బేవుల్ఫ్ చదువుతుంటే ఆయనకు ఒక మాట తగిలింది. 'ఓర్చుకోవడం' అని దాని అర్థం. కాగితం మీద వింతగా కనబడ్డ ఆ మాటను పైకి పలికి చూస్తే తెలిసిన మాటే: 'థోల్'! అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబం గురించి వాళ్ళింటి పెద్దావిడ ఒకరు అనే మాట. అది ఇంగ్లండు నుంచి స్కాట్లండుకి, అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ళతో అల్‌స్టర్‌కి, ఆపైన అమెరికాకి కూడా చేరింది. మనలాగే ఊళ్ళు మారిన మాటన్నమాట!

అది విని మా అమ్మాయి, "తాతయ్య పోయినప్పుడు అమ్మమ్మ ఫోన్లో ఏదో అంది కదమ్మా, ఇలాగే ఉంటుంది" అంది. నాకు గుర్తొచ్చింది. "తాళుకోవాలి తల్లీ, ఏం చేస్తాం" అంది మా అమ్మ. థోల్, తాళు... రెండింటికీ చుట్టరికమేమీ లేదు, అర్థం కలిసింది, ధ్వని కాస్త కలిసింది, అంతే. కానీ 'తాళు' కూడా మన పాత కవుల మాటే. అది మా అమ్మ నోట ఇంకా బతికే ఉంది.

అంతవరకు వాళ్ళిద్దరి ఫోను సంభాషణ "తిన్నావా?", "తిన్నాను" దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు ప్రతి ఆదివారం మా అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటోంది. మొన్న రాసుకున్నది 'ఓర్చినమ్మకు తేట నీరు'. బురదనీళ్ళు తేరుకునేదాకా ఆగిన ఆవిడ కథ అమ్మమ్మ అరగంట చెప్పింది. అమ్మకి ఎనభై దాటాయి. ఇంకెన్ని ఆదివారాలో తెలియదు.

పిల్లలకు తెలుగు నేర్పడమంటే అఆలు దిద్దించడం ఒక్కటే కాదు. పెద్దవాళ్ళ మాటలు వాళ్ళ చెవిన పడాలి. హీనీకి వెయ్యేళ్ళ నాటి కావ్యం తనదనిపించింది ఇంట్లో విన్న ఒక్క మాట వల్లే. ఏమో, రేపు మన పిల్లల్లో ఒకరు నన్నయనో పోతననో ఇంగ్లీషులోకి తెస్తారేమో! ఆ పిల్లలకు కావలసిన మాటలు ఈ ఆదివారం ఫోనులో దొరకవచ్చు.