గొడుగు విచ్చుకొన్న తరువాత



"దేవుని మీద భారము వేశాము, ఇంక మనకు జాగ్రత్తలెందుకు?" అనే మాట మన సంఘాలలో తరచుగా వినబడుతుంది. ప్రార్థన చేసుకొని మోటారు సైకిలు ఎక్కినవాడికి హెల్మెట్ బరువుగా తోస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా పురుగుల మందు కొట్టే అన్నను హెచ్చరిస్తే, "ఇరవై ఏళ్ళ నుండి కొడుతున్నాను, నాకేమైంది?" అంటాడు. మొదటి మాటలో విశ్వాసము, రెండవ మాటలో అనుభవము కనబడతాయి. రెండూ మంచివే. అయితే వాటి చాటున దాగి వచ్చే అపాయము ఒకటి ఉన్నది. దానిని గురించి ఈ నెల మీతో కొంచెము మాట్లాడాలని ఆశపడుచున్నాము.

మత్తయి సువార్త 4వ అధ్యాయములో అపవాది మన ప్రభువును దేవాలయ శిఖరము మీద నిలువబెట్టి క్రిందికి దూకుమన్నాడు. దూతలు చేతులతో ఎత్తుకొంటారని లేఖనమే చూపించాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదని జవాబిచ్చాడు. తండ్రి మీద ఆయనకు నమ్మకము తక్కువై కాదు గదా! ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, కొత్త ఇల్లు కట్టేవాడు ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవడైనా పడితే ఆ దోషము ఇంటివారి మీద ఉంటుంది. మనలను కాపాడే దేవుడే పిట్టగోడ కట్టమన్నాడు.

ఈ సత్యమును మాకు కండ్లకు కట్టినట్టు చూపించినవారు హైటెక్ సిటీలో ఉద్యోగము చేసే యువకులు.

మాది పల్లెటూరి సంఘము. అయినా మా యవనస్థులలో చాలామంది ఇప్పుడు హైదరాబాదులో ఉన్నారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆనాడు చుట్టూ బండరాళ్ళు, తుప్పలు ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడలు నిలిచాయి. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి హాస్టళ్ళలో మన పల్లెల పిల్లలు నిండి ఉన్నారు. నెలకొకసారి శనివారము సాయంత్రము మేము వెళ్ళి వారి గదిలోనే ప్రార్థన కూడిక పెట్టి వస్తుంటాము.

ఒక ఆదివారము ఆరాధన అయిపోయాక మా సంఘములోని ఒక సహోదరి కన్నీళ్ళతో వచ్చింది. "అయ్యగారూ, మావాడు విమానములో నుండి దూకుతున్నాడంట. ఒక్కసారి కాదు, రెండు వందల సార్లు దూకాడంట. ఫోనులో బొమ్మ చూపించాడు. అప్పటి నుండి నాకు అన్నము దిగడము లేదు. మీరు చెబితే వింటాడు, ఎట్లాగైనా మాన్పించండి" అన్నది. వాడు ఆమెకు ఒక్కడే కొడుకు. రెండెకరాల చేను తాకట్టు పెట్టి చదివించారు.

ఆ శనివారము ప్రార్థన ముగిసిన తరువాత ఆ అబ్బాయిని కూర్చోబెట్టుకొన్నాము. వాడితోపాటు దూకే స్నేహితులు ఇద్దరు కూడా అక్కడే ఉన్నారు. వారిలో పెద్దవాడు వెయ్యిసార్లకు పైగా దూకినవాడు. వీరు సెలవులు కూడబెట్టుకొని థాయిలాండు వెళ్ళి దూకి వస్తారు. మన దేశములో హర్యానా రాష్ట్రములోని నార్నౌల్ దగ్గర కూడా దూకే స్థలము ఉన్నది. హైదరాబాదులో గండిపేట వైపు గ్రావిటీజిప్ అనే చోట క్రింది నుండి పెద్ద గాలిని పైకి వదిలి, మనిషిని గాజు గొట్టములో తేలేటట్టు చేస్తారు. ఆకాశములో ఒళ్ళు ఎట్లా ఉంచుకోవాలో అక్కడ నేర్చుకొంటారట.

"ఈ ఆట అవసరమా బాబూ?" అని అడిగాము.

"అవసరము కాదు అయ్యగారూ. ఇష్టము" అన్నాడు. నిజము చెప్పినందుకు సంతోషించాము. "నీ ప్రాణము నీ ఒక్కడిది కాదు. క్రీస్తు వెల పెట్టి కొన్నాడు. మీ అమ్మానాన్నలు చేను పెట్టి పెంచారు" అన్నాము. వాడు తల వంచుకొన్నాడు. అప్పుడు పెద్దవాడు, "అయ్యగారూ, ముందు మా సామాను చూడండి. తరువాత మీరు ఏమి చెప్పినా వింటాము" అని వీపుకు తగిలించుకొనే సంచి ఒకటి తెచ్చి మా ముందు పెట్టాడు.

ఆ సంచిలో రెండు గొడుగులు ఉంటాయి. ఒకటి ప్రతిసారీ వాడేది. రెండవది ఆపదకు దాచినది, దానినే రిజర్వు అంటారు. మొదటిదానిని దూకేవారే మడత పెట్టుకోవచ్చును. రిజర్వును మాత్రము అనుమతి పొందిన నిపుణుడే మడిచి, దారముతో కట్టి, ముద్ర వేస్తాడు. అమెరికా నియమము ప్రకారము, దానిని ఒక్కసారి కూడా వాడకపోయినా, 180 రోజులకొకసారి విప్పి, పరీక్షించి, మళ్ళీ మడవవలసిందే. ఇవిగాక చిన్న యంత్రము ఒకటి ఉంటుంది. మనిషి స్పృహ తప్పి గొడుగు తెరువలేకపోతే, నేలకు సుమారు 750 అడుగుల ఎత్తులో ఇంకా వేగముగా పడుతున్నాడని అది గ్రహించి, తానే రిజర్వును విప్పుతుంది. 1991లో జర్మనీవారు సైప్రస్ అనే పేరుతో ఇటువంటి యంత్రమును తెచ్చినప్పటి నుండి ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

దూకేముందు సామానును మూడుసార్లు చూచుకొంటారు. తగిలించుకొనక ముందు ఒకసారి, విమానము ఎక్కేముందు ఒకసారి, తలుపు తీసేముందు ఒకసారి. వీపు తనకు కనబడదు గనుక అక్కడి పిన్నును ప్రక్కవాడు చూచి చెప్పాలి. మొదటి గొడుగు చిక్కుపడితే ఏమి చేయాలో ప్రతిసారీ నేల మీదనే చేతులతో చేసి చూచుకొంటారు. ముందు కుడివైపు పిడి లాగి చెడిన గొడుగును వదిలించుకోవాలి, ఆ తరువాతనే ఎడమవైపు పిడి లాగి రిజర్వును తెరవాలి. చెడినదానిని వదలకుండా మంచిదానిని తెరిస్తే రెండూ ఒకదానికొకటి చుట్టుకొనవచ్చును. పాత అలవాటును వదలకుండా రక్షణ కావాలని కోరేవారు మాకు అప్పుడు గుర్తుకు వచ్చారు.

రెండవ గొడుగు ఎందుకని అడిగేవారికి మన విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ గారి ప్రయాణము జవాబు చెబుతుంది. 2024 మే 19న ఆయన మరి ఐదుగురితో కలిసి అమెరికాలోని టెక్సాస్ నుండి బ్లూ ఆరిజిన్ రాకెట్టులో అంతరిక్షమునకు వెళ్ళి వచ్చారు. దిగేటప్పుడు వారి గదికి ఉన్న మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకొనలేదు. అయినా ఆరుగురూ క్షేమముగా దిగారు. ఒకటి తెరుచుకోకపోయినా మిగిలినవి ఆదుకొనేటట్టు ముందే ఆలోచించి చేశారు గనుక.

దీనికి విరుద్ధమైన సంగతి కూడా చరిత్రలో ఉన్నది. 1912 ఫిబ్రవరి 4న ఫ్రాన్సు దేశములో రైషెల్ట్ అనే దర్జీ తాను కుట్టుకొన్న పారాచూట్ దుస్తులను పరీక్షించాలని ఈఫిల్ టవరు ఎక్కాడు. బొమ్మకు తొడిగి పడవేస్తానని అనుమతి తీసుకొని, తానే తొడుగుకొని దూకాడు. ఆ గుడ్డ విచ్చుకొనలేదు. అక్కడికక్కడే చనిపోయాడు. అతనికి తన పని మీద నమ్మకము ఉన్నది, పరీక్షించే ఓపిక లేదు.

సామాను చూచి కొంత ధైర్యము కలిగింది. "అయితే ఇన్ని ఉండగా ప్రమాదము ఎక్కడ?" అని అడిగాము.

పెద్దవాడు చెప్పిన జవాబు మేము ఎదురుచూడనిది. "అయ్యగారూ, గొడుగు తెరుచుకోక పోయేవారికంటే, చక్కగా తెరుచుకొన్న గొడుగు క్రింద దెబ్బతినేవారి గురించే మాకు ఎక్కువ భయము. వారిలో కొత్తవారికంటే బాగా అనుభవము ఉన్నవారు తక్కువేమీ కాదు" అన్నాడు. కొత్తవాడు పెద్ద గొడుగుతో నెమ్మదిగా దిగుతాడు. చేయి తిరిగినవాడు చిన్న గొడుగు తీసుకొంటాడు. చిన్న గొడుగు వేగముగా పోతుంది, మలుపు తిప్పితే రాయి వలె దిగుతుంది. నేలకు దగ్గరగా మలుపు తిప్పితే తిరిగి నిలువుగా అయ్యే వ్యవధి ఉండదు. ఆ సమయములో రిజర్వు పనికిరాదు, యంత్రము కూడా పనికిరాదు. గొడుగులో లోపము ఏమీ లేదు గదా! అందుకే వారు ఒకరికొకరు మొట్టమొదట చెప్పుకొనే సలహా ఇది: గాలికి ఎదురుగా దిగలేకపోయినా ఫరవాలేదు, తక్కువ ఎత్తులో మలుపు మాత్రము తిప్పవద్దు. గొడుగును సమముగా ఉంచి, ఖాళీ చోటు చూచుకొని, చివరి పది పదిహేను అడుగులలో రెండు బ్రేకు తాళ్ళు కలిపి లాగి, మోకాళ్ళు దగ్గరగా పెట్టి దిగాలి.

అప్పుడే అసలు సంగతి బయటపడింది. ఆ సహోదరి కొడుకు సామానుతో కలిపి 80 కిలోలు, అంటే సుమారు 176 పౌన్లు ఉంటాడు. గొడుగు ఒక చదరపు అడుగుకు ఒక పౌను మించకూడదని కొత్తవారికి చెబుతారు. వాడు 190 చదరపు అడుగుల గొడుగుతో మొదలుపెట్టి, ఇప్పుడు 150కి వచ్చాడు. ఇక 135 కొనాలని డబ్బు కూడా సిద్ధము చేసుకొన్నాడు. పెద్దవాడు మా ముందే వద్దన్నాడు. "నీ చేయి ఇంకా దానికి సిద్ధము కాలేదు. ఉన్నదానితోనే ఇంకొక వంద సార్లు సరిగా దిగి చూపించు" అన్నాడు. వాడి ముఖము ఎర్రబడింది. "నేను పడింది ఎప్పుడన్నా?" అన్నాడు. "అందుకే చెబుతున్నాను" అన్నాడు పెద్దవాడు. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి వాడు "సరే అన్నా" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి వాడికి ఆకాశములో నుండి దూకినంత కష్టమైనట్టు మాకు తోచింది.

ఊరికి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దావీదును తలంచుకొన్నాము. సౌలు తరిమిన రోజులలో, అడవులలో, గుహలలో అతడు ప్రతి అడుగు దేవుని అడిగి వేశాడు. శత్రువులు అణగి, రాజ్యము స్థిరపడిన తరువాత, సాయంత్రపు వేళ మిద్దె మీద తిరుగుచుండగా పడ్డాడు. అతని గొడుగు చక్కగా విచ్చుకొని ఉన్న సమయమది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయము 12వ వచనములో నిలిచి ఉన్నామనుకొనేవారినే పౌలు జాగ్రత్తపడమన్నాడు. సంఘములో ముప్పై ఏళ్ళుగా ఉన్న పెద్దలకు, బోధించే మాబోటి వారికి ఆ మాట మరీ ముఖ్యము.

ఆ సహోదరికి చూచినదంతా చెప్పాము. "మరి మానడా అయ్యగారూ?" అన్నది. "ఇప్పుడే మానడు అమ్మా. అయితే వాడికి వద్దని చెప్పేవాడు ఒకడు ఉన్నాడు, వాడు విన్నాడు" అన్నాము. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని, "ఆ పెద్దబ్బాయి పేరేమిటో చెప్పండి. అతని కోసము కూడా ప్రార్థన చేస్తాను" అన్నది. ఆ రాత్రి నుండి ఇద్దరి పేర్లూ ఆమె ప్రార్థనలో ఉన్నాయి.

ప్రియులారా, మనలో ఎవరమూ విమానములో నుండి దూకము. అయితే తాటిచెట్టు ఎక్కే అన్నదమ్ములు మనలో ఉన్నారు. వారికి తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో రక్షణ కిట్లు ఇవ్వడము మొదలుపెట్టింది. ఇంటి మూలన పెట్టిన కిట్టు ఎవరినీ కాపాడదు, నడుముకు కట్టుకోవాలి. తడి చేతులతో మోటారు స్టార్టరు ముట్టుకొనేవారు ఉన్నారు, పిల్లలను ముందు కూర్చోబెట్టుకొని బండి నడిపేవారు ఉన్నారు. వారము వారము మీ తాళ్ళు, తీగలు, బ్రేకులు చూచుకొనండి. మీ వీపు మీకు కనబడదు గనుక ప్రక్కవారిని చూడమనండి. ఇంటిలో, సంఘములో, మీకు వద్దని చెప్పగలిగిన మనిషిని ఒకరిని ఉంచుకొని, వారు చెప్పినప్పుడు కోపపడకుండా వినండి. తరువాత మోకరించి ప్రార్థన చేసి బయలుదేరండి.

మన రాకపోకలయందు ప్రభువు మనలను కాపాడునుగాక. ఆమేన్.