రేడియేటర్ ఫ్యాన్ ‘డైరెక్ట్’ చేయించుకున్నారా? ఒక్కసారి చెరువు మీద స్టార్టర్ డబ్బా తెరిచి చూడండి

ఈసారి కౌంట్ రేటు గురించి కాదు, మేత గురించీ కాదు. కారులో ఫ్యాన్ గురించి రాస్తున్నాను. ఫ్యాన్ అనగానే రాజకీయం అనుకోకండి, రేడియేటర్ దగ్గర తిరిగే ఫ్యాన్ అండీ. మన ఉండి, ఆకివీడు, భీమవరం పక్క పాత మారుతి 800లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ బండి 1983 డిసెంబర్‌లో వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అయినా మనవాళ్ళు వదలరు. గట్టు మీదకి పోతుంది, మేత బస్తా వేసుకోవచ్చు, ఆస్పత్రికి వెళ్ళాలంటే అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టుకోవచ్చు. నేను బానెట్ ఎత్తి చూసిన వాటిలో చాలా బళ్ళకి ఒక జబ్బు కనబడింది. ఫ్యాన్ వైరు పీకి, డాష్‌బోర్డ్ కింద ఒక చిన్న టక్ టక్ స్విచ్ పెట్టేసి ఉంటుంది. దానికి పేరు ‘డైరెక్ట్ చేసేశాం’.

ముందు అసలు ఫ్యాన్ ఎందుకో చెబుతాను. బండి అరవైలో పోతుంటే ఫ్యాన్‌తో పెద్దగా పని లేదు. ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది. గేటు పడినప్పుడు, సంతలో ఇరుక్కున్నప్పుడు, చెరువు గట్టు మీద ఫస్ట్ గేర్‌లో పాకేటప్పుడు గాలి ఉండదు, ఇంజన్ వేడి మాత్రం అలాగే పుడుతూ ఉంటుంది. అప్పుడు కావాలి ఫ్యాన్. ట్రాక్టర్‌కీ, పాత జీపుకీ, అంబాసిడర్‌కీ బెల్టు ఫ్యాన్. ఇంజన్ తిరిగినంతసేపు అదీ తిరుగుతుంది, మనం పట్టించుకోనక్కర్లేదు. మారుతి 800లో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, రేడియేటర్‌కి ఎదురుగా ఉండదు. బెల్టుతో ఫ్యాన్ తిప్పడం కుదరదు. అందుకే కరెంటు మోటారు పెట్టారు. నీళ్ళు వెళ్ళే దారిలో ఒక వేడి స్విచ్ ఉంటుంది. నీళ్ళ వేడి సుమారు 90 డిగ్రీలు దాటి పైకి పోతుంటే అది కలుస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది. చల్లారితే విడిపోతుంది, ఫ్యాన్ ఆగుతుంది. మనిషితో పని లేని ఏర్పాటు.

ఆ వేడి స్విచ్ పాడైందనుకోండి. కొత్తది భీమవరంలో దొరుకుతుంది. కానీ మనకి తొందర, మెకానిక్‌కీ తొందర. “ఎందుకండీ ఖర్చు, డైరెక్ట్ ఇచ్చేస్తాను” అంటాడు. మనం కూడా సరే అంటాం. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు, మనం అడిగిన ధరకి తగ్గ పనే చేశాడు.

పోయిన వేసవిలో మా బావమరిది ఒక పాత బండి కొన్నాడు. స్విచ్ అప్పటికే పెట్టి ఉంది, అమ్మినతను “వేడెక్కితే ఇది వేసుకోండి” అని చూపించాడట. మే నెల, మధ్యాహ్నం. మా చెల్లెలినీ, బాలింత అయిన మేనకోడలినీ, నెలన్నర పిల్లనీ ఎక్కించుకుని భీమవరం నుంచి వస్తున్నాడు. రైల్వే గేటు పడింది. స్విచ్ వేశాడు. రెండు నిమిషాలకి స్టీరింగ్ కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన, ఆ వెంటనే పొగ. తాళం తీసేసినా పొగ ఆగలేదు. ఎందుకంటే ఆ వైరు తాళం మీదుగా కాదు, నేరుగా బ్యాటరీ నుంచి వచ్చింది, మధ్యలో ఫ్యూజ్ లేదు. వెనకాల ఆటో అతను పానా తెచ్చి బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాడు కాబట్టి అక్కడితో ఆగింది. మారుతి 800కి వెనక తలుపులు ఉంటాయి గానీ, పసిపిల్లతో ఉన్న బాలింత ఆ ఇరుకులోంచి ఎంత తొందరగా దిగగలదో మీరే ఊహించుకోండి.

మర్నాడు ఆ బండి మా ఇంటికొచ్చింది. డాష్‌బోర్డ్ కింద చూస్తే స్విచ్ వెనక ప్లాస్టిక్ కరిగి ముద్దయిపోయింది. వైరు ఇంట్లో బల్బుకి వాడేంత సన్నం. జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టారు, వేడికి ఆ టేపు జిగురు కారి ఊడిపోయింది.

లెక్క చూడండి. ఫ్యాన్ మోటారు 120 వాట్లు అనుకుందాం. ఇంట్లో 230 వోల్టుల మీద అయితే అది అర ఆంపియర్. కారులో 12 వోల్టులే కాబట్టి 10 ఆంపియర్లు. వాట్లు చిన్నవే, ఆంపియర్లు పెద్దవి. వైరుని వేడెక్కించేది ఆంపియర్లే. పైగా ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. మన బోరు మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఊళ్ళో లైట్లు డిమ్ అయ్యేది అందుకే కదా. ఇంకోటి, 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు బ్యాటరీ నుంచి డాష్‌బోర్డ్‌కి వెళ్ళి మళ్ళీ ఫ్యాన్ దగ్గరికి రావాలంటే నాలుగు మీటర్లు పడుతుంది. 10 ఆంపియర్లకి అందులోనే 0.7 వోల్టు పోతుంది. జాయింట్లలో పోయేది వేరే. ఆ పోయిన వోల్టేజీ అంతా వేడి అవుతుంది, ఫ్యాన్ కూడా నీరసంగా తిరుగుతుంది.

ఇప్పుడు చెరువు దగ్గరికి రండి. ఏరియేటర్ మోటార్లకి మనం ఏం చేస్తాం? పచ్చ బటన్ నొక్కుతాం. ఆ బటన్‌లోంచి మోటారు కరెంటు పోతుందా? పోదు. బటన్‌లోంచి పోయేది కాంటాక్టర్ కాయిల్‌కి కావలసిన కొంచెం కరెంటు. కాయిల్ లాగితే లోపల పెద్ద పాయింట్లు ‘ఠప్’ మని కలుస్తాయి, మోటారు కరెంటు వాటిలోంచి పోతుంది. బటన్‌కి వేడి తగలదు. కారులో రిలే అంటే ఇదే అండీ, అగ్గిపెట్టెలో పట్టే కాంటాక్టర్. కాయిల్ తాగేది 0.2 ఆంపియర్ లోపే. రాత్రి పూట కరెంటు పోతే రొయ్య తేలుతుందని జనరేటర్, ఓవర్‌లోడ్ రిలే, ఫేజ్ పోతే ఆపే పరికరం అన్నీ పెట్టుకుంటాం. అదే మన పిల్లలు కూర్చునే బండికి రెండు వైర్లు మెలిపెట్టి వదిలేస్తాం. రొయ్యకున్నపాటి విలువ మనిషికి లేదా అని మా బావమరిదిని అడిగితే తల దించుకున్నాడు పాపం, అతను పెట్టింది కాకపోయినా.

బండిని మేము ఎలా బాగుచేశామో చెబుతాను. మోటార్ వైండింగ్ షాపులో పనిచేసే మా వీధి కుర్రాడు సాయం వచ్చాడు. మొదట బ్యాటరీ మైనస్ ఊడదీశాం. ఇది మర్చిపోకండి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్ళు పోతాయి, తుండుగుడ్డ మెడలో వేలాడుతుంటే ఇంకా ప్రమాదం. తర్వాత 30 ఆంపియర్ల నాలుగు కాళ్ళ రిలే, దాని సాకెట్ కొన్నాం. రిలే కాళ్ళ మీద నంబర్లు ఉంటాయి. 30 నంబరుకి బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, మధ్యలో 20 ఆంపియర్ల ఫ్యూజ్. ఈ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజ్ కాపాడేది దాని తర్వాత వైరునే, ముందు వైరుని కాదు. 87 నుంచి ఫ్యాన్ ప్లస్‌కి అదే లావు వైరు. 86కి తాళం వేస్తే వచ్చే కరెంటు, సన్న వైరు చాలు, దానికీ ఒక చిన్న ఫ్యూజ్. 85 నుంచి వేడి స్విచ్‌కి, అక్కడి నుంచి బాడీకి. వేడి స్విచ్ కొత్తది వేశాం. మొత్తం సామాన్లు వెయ్యి రూపాయలు కాలేదు.

ఎర్త్ దగ్గర మాత్రం మన ప్రాంతం వాళ్ళు ఎక్కువ జాగ్రత్త పడాలి. ఉప్పుటేరు పక్క గాలి, చెరువు గట్ల మీద ఉప్పు తేమ, ఇనప రేకుని ఎలా తింటుందో మనకి చెప్పక్కర్లేదు. ఫ్యాన్ మైనస్ వైరు తుప్పు పట్టిన బోల్టుకి బిగిస్తే ఫ్యాన్ తిరిగినట్టే ఉంటుంది గానీ గాలి రాదు. పెయింటు గీకి, మెరిసే ఇనుము కనబడేదాకా రుద్ది, కాపర్ లగ్గు ప్రెస్ చేసి బిగించి, పైన గ్రీజు రాశాం. టేపు కాకుండా వేడికి బిగుసుకునే గొట్టం తొడిగాం.

ఇంకో సంగతి. మూడు ఫేజుల మోటారుకి రెండు ఫేజులు అటూ ఇటూ మారితే పంపు ఎదురు తిరుగుతుంది కదా. కారు ఫ్యాన్‌కి ప్లస్, మైనస్ మారితే అంతే. తిరుగుతోంది కదా అని సంతోషపడితే లాభం లేదు, అది ఎదురుగాలితో కొట్లాడుతూ ఉంటుంది. వెనక ఫ్యాన్ ఉన్న బండికి ముందు జాలీ దగ్గర ఒక కాగితం పెట్టండి. అంటుకుంటే సరిగ్గా లాగుతున్నట్టు. ఎగిరిపోతే వైర్లు మార్చాలి.

ఫ్యాన్ తిరగకపోతే తప్పంతా వైరుదే అనుకోకండి. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గిపోతే వేడి స్విచ్ గాలిలో ఉండిపోయి నీళ్ళ వేడి దానికి తెలియదు. కాబట్టి ముందు నీళ్ళు చూడండి, అదీ ఇంజన్ చల్లారాకే. వేడి మీద మూత తీస్తే ప్రెషర్ పోయి నీళ్ళు ఒక్కసారిగా మరిగి మొహం మీదకి వస్తాయి. మన బోరు నీళ్ళు ఉప్పు, రేడియేటర్ సన్న గొట్టాల్లో గార కట్టేస్తాయి. కూలెంట్ పొయ్యండి, లేదంటే కనీసం డిస్టిల్డ్ వాటర్. నీళ్ళు సరిగ్గా ఉంటే వేడి స్విచ్ వైర్లు పీకి, తాళం వేసి, ఆ రెండూ కలిపి చూడండి. ఒకే వైరు ఉంటే బాడీకి తాకించండి. ఫ్యాన్ తిరిగితే మోటారు, వైర్లు బాగున్నట్టు, స్విచ్ పోయినట్టు. ఇది పాత బళ్ళ సంగతే. కంప్యూటర్ ఉన్న కొత్త బళ్ళ జోలికి ఇలా వెళ్ళకండి, వాటి లెక్క వేరు.

వేడి ముల్లు ఎర్రగీత దాటినా “ఇంకో కిలోమీటరే కదా” అని తోలకండి. ఇంజన్ పై హెడ్ అల్యూమినియం, వంకర పోతుంది, గాస్కెట్ పోతుంది. ఆయిల్ గేజ్ పుల్ల తీస్తే నూనె పాలు కలిపిన టీ రంగులో ఉందంటే నీళ్ళు కలిసినట్టే. ఆ ఖర్చు ముందు రిలే ఖర్చు ఏపాటి?

ఇది చూసి మా పెదనాన్నగారి అబ్బాయి తన డీజిల్ జీపుకి బెల్టు ఫ్యాన్ తీసి కరెంటు ఫ్యాన్ పెట్టమంటున్నాడు, మైలేజీ వస్తుందని. మైలేజీ కోసమైతే వద్దన్నాను. బెల్టు ఫ్యాన్‌లో పాడయ్యేది తక్కువ, ఆ పాత ఆల్టర్నేటర్ మీద ఇంకో బరువెందుకు. కానీ అన్నయ్యకి చేపల చెరువు కొల్లేరు లంకల పక్క ఉంది. వానాకాలం రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళలో వెళ్ళాలి, బెల్టు ఫ్యాన్ ఆ నీళ్ళని ఇంజన్ మీదకి చిమ్ముతుంది. నీళ్ళు దాటేటప్పుడు ఫ్యాన్ ఆపుకోవాలంటే మాత్రం కరెంటు ఫ్యాన్ పనికొస్తుంది. అప్పుడు డాష్‌బోర్డ్ మీద స్విచ్ పెట్టుకోవచ్చు, కానీ 86 నంబరు సన్న వైరు మధ్యలో. ఫ్యాన్ లావు వైరులో కాదు. ఆ స్విచ్ ఆపి ఉన్నంతసేపు వెలిగే ఎర్ర బల్బు ఒకటి పక్కనే పెట్టమన్నాను. రెండు కాళ్ళ స్విచ్‌తో ఆ పని అవ్వదు, మూడు కాళ్ళది కావాలి. అది తెచ్చాక పని మొదలుపెడతాం.