బిజినెస్ ఎకనామిక్స్ చదువుతానంటే చదవనివ్వండి

మా మేనకోడలు ఢిల్లీ యూనివర్సిటీలో బిజినెస్ ఎకనామిక్స్ ఆనర్స్ చదువుతానంటోంది. ఇంట్లో సగం మందికి అది బీకామో, ఎకనామిక్సో తేలలేదు. కంపెనీ ధర ఎలా పెడుతుంది, ఎంత సరుకు తయారుచేస్తుంది, ఏ పని సొంతంగా చేసుకుని ఏది బయటివాళ్లకిస్తుంది, ఇవన్నీ అర్థశాస్త్రం కళ్లతో చూడటమే ఆ చదువు.

ఆ చివరి ప్రశ్న నాకు మరీ ఇష్టం. దానికి జవాబు వెతికిన ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ అప్పట్లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బీకాం విద్యార్థి. స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి ఫ్యాక్టరీలు తిరిగి చూశాడు. అన్నీ మార్కెట్లోనే దొరుకుతుంటే అసలు కంపెనీలెందుకున్నాయి అని అడిగాడు. సరైన మనిషిని వెతకడానికి, బేరమాడటానికి, ఒప్పందం రాసుకోవడానికి కూడా ఖర్చవుతుంది, ఆ ఖర్చు తగ్గించుకోవడానికే అన్నాడు. 1937లో ఆ వ్యాసం అచ్చయింది. నోబెల్ 1991లో వచ్చింది! ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీకి గుత్తకిద్దామా, రోజుకూలీకి మనుషుల్ని పెట్టుకుందామా అని మనవాళ్లు తర్జనభర్జన పడేది సరిగ్గా ఈ లెక్కే. గుత్తకిస్తే పని త్వరగా అవుతుంది, నాణ్యత మీద అనుమానం. కూలీకి పెట్టుకుంటే పొద్దంతా దగ్గరుండి చూసుకోవాలి.

ఇంత దగ్గరి విషయాన్ని పద్ధతిగా ఆలోచించడం నేర్పే చదువును ‘ఉద్యోగమొస్తుందా’ అన్న ఒక్క మాటతో కొట్టిపారేయకండి. లెక్కలు మాత్రం గట్టిగా ఉండాలి. కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ తప్పవు. ఇంటర్లో మ్యాథ్స్ వదిలేద్దామనుకునే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి.

ఈ కోర్సు చదివినవాళ్లెవరైనా ఉంటే కామెంట్లో రాయండి, మా అమ్మాయికి చూపిస్తాను.