ఎనిమిదో ఓటు

ఇది చాలా ఏళ్లనాటి మాట. నెల్లిమర్లలో మా వీధి పఠనమందిరానికి కార్యదర్శి ఎన్నిక జరిగింది. సభ్యులు 15 మంది. నాకు 8 ఓట్లు, అవతలివారికి 7. మెడలో బంతిపూల దండతో ఇంటికొచ్చి, ముఖ్యమంత్రినైనంత దర్జాగా కాఫీ అడిగాను.

గ్లాసు కింద పెట్టకముందే మా బావ వచ్చాడు. "ఏం బావా! ఆ ఎనిమిదో ఓటు నాదే సుమా!" అన్నాడు. మర్నాడు జూటుమిల్లు షిఫ్టు దిగి వస్తూ ఇంకొకాయన అదే మాట అన్నాడు. వారం తిరిగేసరికి ఎనిమిదిమందీ ఎనిమిదోవారేనని తేలింది! అందులో అబద్ధమూ లేదు. వారిలో ఏ ఒక్కరు జారినా నేను లేను.

బావ కోరిక ఒక్కటే. మధ్యాహ్నం ఆడవాళ్లకు కేటాయించిన గంట తీసేసి, చదరంగానికి ఇవ్వాలట. ఇచ్చేశాను. మా అమ్మ సీరియలు సగంలో వదిలి ఇంటికొచ్చి, ఏమీ అనకుండా చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

ఆ రాత్రి నాన్నగారు కర్నూలు సంగతి ఎత్తారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు శాసనసభలో 140 మంది. ఏ పక్షానికీ సొంత మెజారిటీ లేదు. అందుచేత కాంగ్రెసువారు, 1951లో తమను వదిలి వెళ్లిన టంగుటూరి ప్రకాశంపంతులుగారినే ముఖ్యమంత్రిగా ఒప్పుకున్నారు. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి అయ్యారు. బలం చాలనిచోట నాయకుడయ్యేది ఎక్కువమంది మెచ్చినవాడు కాదు, తక్కువమంది కాదనేవాడు!

నియమించేది గవర్నరే అయినా, మంత్రివర్గం జవాబు చెప్పుకోవలసింది శాసనసభకు. బలం తేలవలసింది సభలోనేనని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పంతులుగారి ప్రభుత్వానికి ఆ పరీక్ష 1954 నవంబరు 6న వచ్చింది. మద్యనిషేధం వివాదంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

"పడిపోవడం తప్పు కాదురా. నిలబడడానికి ఏమిచ్చావన్నదే లెక్క" అన్నారు నాన్నగారు.

నాకు నిద్ర పట్టలేదు. నేనిచ్చింది నాది కాదు. అమ్మది తీసి బావకిచ్చాను.

తరువాతి సమావేశంలో ఆ గంట తిరిగి పెట్టాను. బావ అవిశ్వాసం పెట్టాడు. నాకు 7, అవతలివారికి 8! ఈసారి దండ లేకుండానే ఇంటికి వచ్చాను.

కొత్త కార్యదర్శికీ ఎనిమిదోవారు ఎనిమిదిమంది ఉన్నారు కదా! బావకు చదరంగం కావాలి, మరొకరి ఇల్లాలికి సీరియలు కావాలి. ఆయన చదరంగాన్ని బయట అరుగుమీదికి పంపి, ఆడవాళ్ల గంట ఉంచేశాడు. అరుగు నాకెందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు.

"పదవి పోతే పోయిందిలేరా, నా సీరియలు కంచికి చేరవచ్చింది" అంటూ అమ్మ ఆ రోజు కాఫీ అడగకుండానే ఇచ్చింది.